శ్రీ దుకాణ్‌జీ జీవిత చరిత్ర

ప్రమాదం ముంచుకొచ్చిందని నాకు మొదటిసారి తెలిసింది, మా ఆఫీసులో భాభీ తన టిఫిన్ డబ్బా తీసుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్న క్షణాన. ఆ ఆఫీసులో చేరినప్పటి నుంచి అంతవరకూ ఏ మధ్యాహ్నమూ నేను ఒంటరిగా తిన్నది లేదు. డబ్బా మూత తీయగానే "ఆ జా, రోటీ చల్లారిపోతుంది" అని పిలిచేది. నేను వెళ్ళేలోపే ఊరగాయ నా వైపుకు జరిపి ఉంచేది. ఆ రోజు ఆ పిలుపు రాలేదు. నేనే దగ్గుతూ, కుర్చీ చప్పుడు చేస్తూ కాసేపు చూశాను. భాభీ కిటికీలోంచి రోడ్డు మీద ఆటోలను చూస్తూ తినేసి, డబ్బా కడుక్కుని వచ్చి మళ్ళీ పనిలో కూర్చుంది. పొద్దున్నే నేను చేసిన ఒక ఘనకార్యానికీ, ఈ తిరిగి కూర్చోవడానికీ ఏదో సంబంధం ఉందని నాకు తోచింది. ఏం సంబంధమో మాత్రం తెలియలేదు.

ఆ రోజుల్లో, దేనికైనా ఒక నియమం పెట్టేస్తే ఇక ఏ ఆపదా దాని దగ్గరికి రాదని నాకు గట్టి నమ్మకం ఉండేది. (ఆ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మా పిల్లల నీళ్ళ సీసాలకూ, టోపీలకూ, చివరికి పళ్ళ బ్రష్‌లకూ ఒకే రంగు దారం కట్టి ఉంచేదాన్ని నేనే.) దానికి కారణం నేను పుట్టి పెరిగిన చోటు కావచ్చు. కిరందుల్ గనుల టౌన్‌షిప్‌లో క్వార్టర్లన్నీ ఒకే వరసలో, ఒకే రంగులో ఉండేవి. గోడ మీద నంబరు చూడకపోతే పక్కవాళ్ళ ఇంట్లోకి వెళ్ళి అన్నం తినేసి వచ్చే ప్రమాదం ఉండేది. నాన్న ఎప్పుడో ఆంధ్ర నుంచి గనుల ఉద్యోగానికి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. ఆయన దృష్టిలో కంపెనీ ఉద్యోగం ఒకటి, బ్యాంకు ఉద్యోగం ఒకటి, మిగతావన్నీ కాలక్షేపాలు. ఇంజనీరింగ్ అయ్యాక జగదల్‌పూర్‌లో వెబ్‌సైట్లు చేసే ఒక చిన్న ఆఫీసులో చేరతానంటే, చాలాసేపు ఫ్యాను వైపు చూసి, "సరే అమ్మలూ, వాళ్ళు నిన్ను పర్మనెంటు చేస్తే ఉండు. చెయ్యకపోతే మారు మాట్లాడకుండా వచ్చి బ్యాంకు పరీక్షకు కూర్చో" అన్నాడు. రోజూ రాత్రి ఫోను చేసి మొదటగా అడిగే మాట, "చేశారా?"

ఆ ఆఫీసు ఒక మందుల దుకాణం పైన ఉండేది. యజమానిని అందరం మాస్టర్‌జీ అనేవాళ్ళం. వెనకటికి టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. టైపు పోయి కంప్యూటర్లు వచ్చినా ఆయన పద్ధతులు పోలేదు. టైపు చేసిన ప్రతి అక్షరమూ పైకి చదవాల్సిందే, అప్పుడే తప్పులు దొరుకుతాయని ఆయన సిద్ధాంతం. అందుకని ఆఫీసులో అందరం కోడ్‌ను గొణుక్కుంటూ రాసేవాళ్ళం. కొత్తగా వచ్చినవాళ్ళకు ఏదో పారాయణం జరుగుతున్నట్టు ఉండేది. అందరిలోకీ పెద్ద గొంతు భాభీది. ఆమె అసలు పేరు ఎవరూ పిలవరు. అందరికీ భాభీయే, వయసులో పెద్దవాడైన మాస్టర్‌జీకి మాత్రం 'బహూ', కోడలన్నమాట. పేజీ ఎలా కనబడాలో, ఏ రంగు ఎక్కడ పడాలో ఆమె చేతికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. డేటా సంగతులు చూసేవాడు సరిహద్దు ఊరు ఉసూర్ నుంచి వచ్చిన ఒకాయన. తెలుగులో మాట్లాడుకోవడానికి నాకున్న ఒకే ఒక్క దిక్కు. ఆయన్ను ఉసూరన్న అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. ఇంతే ఆఫీసు.

ఇక మేము కోడ్‌లో పెట్టుకున్న పేర్ల గురించి చెప్పాలి. వెబ్ పేజీలో ప్రతి పెట్టెకూ, ప్రతి బటన్‌కూ కోడ్‌లో ఒక పేరు ఉంటుంది. చూసేవాళ్ళకు అది కనబడదు, మాకు మాత్రం అదే దారి. మాస్టర్‌జీ పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో ఉండేవి, చదువుతుంటే ఎవరో మనమీద అరుస్తున్నట్టు. ఉసూరన్న 'డబ్బా', 'డబ్బాలో డబ్బా', 'దాని లోపలి డబ్బా' అని ఓపికగా లోపలికి దిగుతూ పోయేవాడు. భాభీ రంగును బట్టి 'లాల్ బటన్', అంటే ఎర్ర బటన్, అని పెట్టేది. తరువాత ఆ బటన్‌కు ఆకుపచ్చ రంగు వేసినా పేరు లాల్ గానే ఉండిపోయేది. నేను కాలేజీలో నేర్చుకున్నట్టు ఒక్కో పేరూ ఒక వాక్యమంత పొడుగు పెట్టేదాన్ని. పైగా అన్ని సైట్ల అలంకారమూ ఒకే ఫైల్లో ఉండేది. ఒకరోజు, ఒక స్కూలు సైటులో పరీక్షల నోటీసుకు పెట్టిన ఎర్ర మెరుపు వెళ్ళి మిఠాయి కొట్టు సైటులో జిలేబీ ఫోటో మీద మెరవడం మొదలైంది. రెండు చోట్లా ఉసూరన్న దానికి 'డబ్బా' అనే పేరు పెట్టాడు మరి. మిఠాయి కొట్టాయన ఫోను చేసి, "మా జిలేబీల్లో ఏమైనా ప్రమాదం ఉందా?" అని అడిగాడు.

అప్పుడు నేను లింటర్ తెచ్చాను. లింటర్ అంటే కోడ్‌ను చదివి, మనం రాసిపెట్టిన నియమాలకు తగ్గట్టు లేనిదాని కింద ఎర్ర గీత గీసే ప్రోగ్రాం. పేర్లన్నీ చిన్న అక్షరాల్లో ఉండాలి, మాటకూ మాటకూ మధ్య అడ్డగీత ఉండాలి, అన్నిటికంటే ముఖ్యంగా ప్రతి పేరుకూ ముందు ఆ సైటు యజమాని పేరు ఉండాలి. అలా ఉంటే ఒకరి మెరుపు ఇంకొకరి జిలేబీ మీద పడదు. నియమం తప్పితే ఎర్ర గీతతో వదలదు, ఆ ఫైలును అసలు ప్రాజెక్టులోకే రానివ్వదు. మాస్టర్‌జీకి తెగ నచ్చింది. "పోలీసును తెచ్చావన్నమాట!" అని సంబరపడ్డాడు. అప్పుడు చేతిలో ఉన్న పని మైనపు అచ్చుతో పోతపోసే డోక్రా ఇత్తడి బొమ్మలు అమ్మే ఒక పాత దుకాణానికి సైటు. దుకాణం పేరే దాని పెద్దాయన పేరు. ఆ పేరును ప్రతి పెట్టె ముందూ, ప్రతి బటన్ ముందూ తప్పనిసరి చేసి, ఆ పొద్దున మీట నొక్కాను. మధ్యాహ్నానికి భాభీ కిటికీ వైపు తిరిగింది.

ఆ తరువాత రోజులు గడిచేకొద్దీ భాభీ దగ్గర నుంచి ఒక్క ఫైలు కూడా లోపలికి రాలేదు. పని చేయడం లేదా అంటే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఆమె లేని సమయం చూసి ఆమె కంప్యూటర్ తెర చూశాను. తెరనిండా ఎర్ర గీతలు, పెళ్ళికూతురి నుదుటి బొట్ల వరసలాగా. యజమాని పేరు ఉండాల్సిన ప్రతిచోటా 'ఉన్‌కే' అని ఉంది. ఉన్‌కే-కార్డ్, ఉన్‌కే-బటన్, ఉన్‌కే-ఫోటో. అంటే 'వారి కార్డు', 'వారి బటన్' అని. ఎవరి?

నాకు ఒళ్ళు మండింది. నా పోలీసును వెక్కిరించడానికే ఇలా చేస్తోందనుకున్నాను. నా హిందీ అంతా కూడగట్టుకుని, పేర్లు సరిగా పెట్టకపోతే ముందుముందు ఎంత గందరగోళమో ఒక ఉపన్యాసం ఇచ్చాను. భాభీ అంతా విని, కొంగు తల మీదికి లాక్కుని, "వో మై నహీ లిఖూంగీ," అంది. అది నేను రాయను, అంతే.

"ఎందుకు రాయవు?"

"నీకు తెలుసు."

"నాకు తెలియదు భాభీ!"

"మా ఇంటికి వచ్చి తిన్నావు, మా ఇంటి గేటు చూశావు, అయినా తెలియదంటావా?" అని తెర వైపు తిరిగిపోయింది.

గేటు చూసిన మాట నిజమే. వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు దాని గడియ సరిగా పడిందో లేదో కూడా చూశాను, వాళ్ళ ఆవు బయటికి పోతుందేమోనని. గేటుకీ కోడ్‌కీ ఏమిటి సంబంధం? ఈలోగా మాస్టర్‌జీ వచ్చి, గురువారం పొద్దున దుకాణం పెద్దాయన స్వయంగా సైటు చూడటానికి వస్తున్నాడని చెప్పాడు. "అప్పటికి అన్ని పేజీలూ లోపల ఉండాలి. లేకపోతే నీ పోలీసును వెంటబెట్టుకుని నువ్వు కిరందుల్ బస్సెక్కు" అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ నాకు బస్సు హారన్ వినబడింది. వెనక సీట్లో బ్యాంకు పరీక్ష పుస్తకాలతో నాన్న కూర్చుని ఉన్నట్టు కూడా కనబడింది.

ఉసూరన్న దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి నావైపు వింతగా చూశాడు.

"ఏంది చెల్లె, నీకు నిజంగనే ఎరుక లేదా? గా పేరు ఆమె మామది. వాళ్ళింటి గేటు మీద పలక లేదా? కోడలు మామ పేరు నోట్లెకెళ్ళి ఎట్ల తీస్తది? నువ్వేమో ప్రతి ముక్కకు ముందల గదే పేరు పెట్టమంటివి. మాస్టరేమో పైకి సదవమంటడు. పొద్దుందాక మామను పేరు పెట్టి పిలవమంటే ఆమె కొలువు చేస్తదా, చెయ్యదా?"

"కానీ ఇది వాళ్ళ మామగారు కాదుగా! దుకాణం ఆయన వేరే!"

"మనిషి యేరైతే పేరు యేరైతదా?"

"మరి ఇన్నాళ్ళూ మీరెందుకు చెప్పలేదన్నా?"

"సదువుకున్నదానివి, ఎరికుండే చేస్తున్నవనుకున్న. ఇద్దరాడోళ్ళ పంచాయితీల నేనెందుకని ఊకున్న" అని మళ్ళీ టీ అందుకున్నాడు.

మా అమ్మ నాన్నను పేరు పెట్టి పిలవడం నేనూ వినలేదు. క్వార్టర్ వరండాలోంచి "మిమ్మల్నే!" అని పిలిచేది, ఆ పిలుపుకు పక్క క్వార్టర్ల మగవాళ్ళు కూడా తలలు బయటపెట్టేవాళ్ళు. అదంతా చూసి పెరిగిన నాకు, కంప్యూటర్ ముందు కూర్చున్న భాభీ కూడా ఒక ఇంటి కోడలేనన్న సంగతి తట్టలేదు. ఒకసారి అర్థమయ్యాక పరిష్కారం చాలా తేలికగా కనబడింది. పేరు ముందు యజమాని పేరే ఎందుకు? ఏదో ఒక గుర్తు ఉంటే చాలు. 'దుకాణ్' అని పెడదాం! నియమంలో మాట మార్చి, ప్రాజెక్టు మొత్తంలో ఆ పెద్దాయన పేరు ఎక్కడ ఉంటే అక్కడ 'దుకాణ్' వచ్చేలా ఒక్క దెబ్బతో మార్చేశాను. భాభీ ఫైళ్ళలో 'ఉన్‌కే'లను కూడా. లింటర్‌ను నడిపాను. ఒక్క ఎర్ర గీత లేదు. తప్పులు సున్నా అని చూపించింది. నా జీవితంలో అంత అందమైన సున్నా అదివరకు చూడలేదు. ఆ మధ్యాహ్నం "ఆ జా" అన్న పిలుపు వచ్చింది, ఊరగాయ కూడా జరిగింది. ఆ ఆనందంలో ఒక్కసారి పేజీ తెరిచి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. (గ్యాస్ కట్టేశానా లేదా అని దారి మధ్యలోంచి వెనక్కి వచ్చే మనిషిని నేను. ఆ ఒక్క రోజు మాత్రం నిశ్చింతగా ఉన్నాను.)

గురువారం దుకాణం పెద్దాయన వచ్చాడు. తెల్లటి కుర్తా, చేతికర్ర. వెంట ఆయన భార్య, నిండుగా కొంగు కప్పుకున్న నాయనమ్మ వయసు దాదీ. గోడకున్న పెద్ద తెర ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి, మాస్టర్‌జీ తన పద్ధతి ప్రకారం, "బహూ, మొదటి నుంచి పైకి చదువు" అన్నాడు. 'మా కథ' అనే పేజీ భాభీదే, అందులో మాటలు మాత్రం దుకాణం వాళ్ళు చెబితే నేను ఎక్కించాను. బయటి ఊళ్ళ నుంచి వచ్చే సందర్శకుల కోసం ఇంగ్లీషులో ఉంది. దాదీ కోసం ఒక్కో వాక్యం చదివి హిందీలో చెప్పమన్నారు. పేజీ తెరుచుకుంది. పైన బంగారు రంగులో, పెద్ద అక్షరాల్లో: 'దుకాణ్ అండ్ సన్స్'.

కోడ్‌లో పేర్లు మాత్రమే మారాయనుకున్నాను. పేజీలో కనబడే మాటలు కూడా ఆ ఒక్క దెబ్బలోనే మారాయి. నా పోలీసు పేర్ల వరస చూశాడే గానీ, ఇంట్లో ఎవరున్నారో చూడలేదు.

భాభీ మాత్రం ఏ అడ్డూ లేకుండా గొంతెత్తి చదివేస్తోంది. "శ్రీ దుకాణ్‌జీ ఇత్తడి పని చేసే ఇంట్లో పుట్టారు. చిన్నతనంలో దుకాణ్‌జీ, తండ్రి పోత కోసం చేసిపెట్టిన మైనపు ఏనుగును మిఠాయి అనుకుని చెవి కొరికారు." దాదీ కొంగు కదిలింది. "తండ్రి కొట్టడానికి వస్తే దుకాణ్‌జీ చింతచెట్టెక్కారు." కొంగు ఇంకా కదిలింది. "యుక్తవయసులో దుకాణ్‌జీకి వివాహమైంది." అంతే, దాదీ ఆగలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఊగిపోతూ, కళ్ళ నీళ్ళు కారుతూ నవ్వింది. పెద్దాయన చేతికర్రను నేలకు తాటించి, "మేరా నామ్ కహా గయా?" అని గర్జించాడు. నా పేరు ఎక్కడికి పోయింది?

మాస్టర్‌జీ నావైపు చూశాడు. ఉసూరన్న పైకప్పు వైపు చూశాడు. నేను లేచి నిలబడి, "అదీ... లింటర్... ముందు మాట..." అని మొదలుపెట్టి, భాభీ ఇంటి సంగతి నలుగురిలో చెప్పకుండా దీన్ని వివరించడం ఎలాగో తెలియక అక్కడే ఆగిపోయాను. భాభీకి అప్పుడు అర్థమైంది. చదవడం ఆపి, తల వంచుకుని, కొంగు కిందికి లాక్కుంది.

దాదీ ఆ కొంగును చూసింది. ఇంకేమీ చెప్పనక్కర లేకపోయింది.

"బహూ, నీ మామగారిది కూడా ఇదే పేరా?"

భాభీ తల ఊపింది.

దాదీ కళ్ళు తుడుచుకుని భర్త వైపు తిరిగింది. "చూడండి, ఈ మైనపు ఏనుగు కథ మనవలకు చెప్పాలని నాకు ఎంత సరదానో! 'ఆయన చెవి కొరికారు' అంటే, ఏ ఆయన దాదీ అని అడుగుతారు. 'ఈ ఆయనే' అని మీవైపు చెయ్యి చూపిద్దామంటే, మీరు దుకాణంలో ఉంటారు. కథ సగంలో ఆగిపోతుంది. ఈ పిల్లలు రాసినదైతే నేను మొదటి నుంచి చివరిదాకా చెప్పగలను. దీన్ని ఇలాగే ఉండనివ్వండి."

"అయితే నేను దుకాణ్‌నా?"

"మరి ఇంట్లో ఎప్పుడున్నారు గనక?"

చివరికి పెద్దాయన, పైన బంగారు అక్షరాల్లో మాత్రం తన పేరు ఉండి తీరాలని, కింద కథలో దాదీ ఇష్టమని ఒప్పుకున్నాడు. అలా ఆ సైటు ఆ రోజే లోకానికి తెరుచుకుంది, పైన ఒకాయన పేరుతో, కింద దుకాణ్‌జీ జీవిత చరిత్రతో. మెట్ల దాకా వాళ్ళను సాగనంపి వచ్చాక మాస్టర్‌జీ నా బల్ల దగ్గర ఆగి, "నీ పోలీసును ఉండనీ. నువ్వు కూడా ఉండు. రేపటి నుంచి పర్మనెంటు. కానీ అది సున్నా అన్నాక కూడా పేజీ తెరిచి చూస్తూ ఉండు" అన్నాడు. నాన్న ఫోను చేసి "చేశారా?" అంటే "చేశారు" అన్నాను.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ సాయంత్రం ఇప్పుడు మేముంటున్న బచేలీ సంతలో జరిగినదాని వల్ల. మా వారు సంచి పట్టుకుని ముందు నడుస్తున్నారు. చిన్నాడి బూటు లేసు ఊడితే వంగి కట్టి, తలెత్తేసరికి మనిషి లేడు. చుట్టూ జనం, సైకిళ్ళు, మిరపకాయల ఘాటు. (మనిషి చాలా పెద్దవాడు, తప్పిపోడు అని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు అనిపించలేదు.) "ఏమండీ!" అని అరిచాను. చింతపండు అమ్మే చోట నిలబడ్డ మగవాళ్ళందరూ వెనక్కి తిరిగారు. ఎవరో ఒకాయన "ఆఁ, వస్తున్నా" అని కూడా అన్నాడు. మా వారు తప్ప. అప్పుడు మా పెద్దది గొంతు చించుకుని తండ్రి పేరు పెట్టి పిలిస్తే, కూరల గుట్ట వెనకనుంచి ఆయన తల బయటికొచ్చింది. దారి పొడుగునా ఇద్దరూ నన్ను వదల్లేదు. "నువ్వెందుకు పేరు పెట్టి పిలవలేదు?" అని పెద్దది. చిన్నాడైతే నిజంగా దిగులుపడి, "అమ్మకు నాన్న పేరు రాదా?" అని అడిగాడు. పొద్దున చెబుతానన్నాను. వాళ్ళు నిద్రపోయారు. నాకు నిద్ర పట్టడం లేదు.

ఆ పేరు పలకవద్దని నాకు ఎవరూ చెప్పలేదు. మా అత్తగారు చెప్పలేదు, ఆయన చెప్పలేదు. పెళ్ళయ్యాక ఒకరోజు చూసుకుంటే నా నోట్లో ఆ పేరు లేదు, అంతే. మందుల దుకాణం పైన మేడ మీద నిలబడి, పేర్లు ఎలా పెట్టాలో భాభీకి ఉపన్యాసం ఇచ్చిన ఆ సన్నటి పిల్ల ఇప్పుడు ఎదురైతే నన్ను చూసి ఎన్ని ఎర్ర గీతలు గీస్తుందో! గీసుకోనీ పాపం. దానికి అప్పటికి సున్నా కనబడితే చాలు, నిద్ర పట్టేసేది. ఆ నిద్ర తలుచుకుంటే మాత్రం కొంచెం అసూయగా ఉంది.

రాత్రి ఇక్కడిదాకా రాసి ఆపాను. పొద్దున బూట్లు వేస్తూ పిల్లలిద్దరికీ చెప్పాను: "నాన్న పేరు నాకు వచ్చురా. నా నోటికే అది అలవాటు లేదు, మీ నోటికి ఉంది. అందుకని సంతలో ఎప్పుడూ నా చెయ్యి వదలకండి. నాన్నను పిలవాలంటే నాకు మీ గొంతులు కావాలి."